నాలుగేళ్ల బిడ్డకు ముందు మాత్రా, ముందు శిక్షణా?

"బాబుకి నాలుగేళ్లండీ. ఒక్క నిమిషం కుదురుగా కూర్చోడు. అన్నం తింటూ తింటూ లేచి పరిగెత్తుతాడు. ఎల్.కె.జి.లో చేర్చి మూడు నెలలైనా కాలేదు, 'ఇక మావల్ల కాదు, తీసుకెళ్లిపొండి' అంటున్నారు. ఏదైనా మందు ఉందా డాక్టరుగారూ?"

పిల్లల వైద్యుల దగ్గరకు వచ్చే తల్లిదండ్రులలో కొందరు ఇలాంటి మాటలే చెబుతారు. ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే వైద్యునికి ఒక ఆధారం కావాలి. ఆ ఆధారం పరిశోధన నుండి రావాలి. పరిశోధన జరగాలంటే ఎవరో ఒకరు డబ్బు పెట్టాలి. బడి వయసు రాని పిల్లల్లో ఏ.డి.హెచ్.డి. చికిత్స గురించి చాలా కాలం ఎవరూ పెద్దగా డబ్బు పెట్టలేదు. అందువల్ల సరైన జవాబూ దొరకలేదు. ఆ డబ్బు ఎలా వచ్చింది, దానితో ఏం తెలిసింది, ఆ తెలిసినదాని వల్ల మనకు ఏమి ఉపయోగం అనే విషయాలను ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

ఏ.డి.హెచ్.డి. అంటే ఏమిటి?

ఏకాగ్రత లోపం, అతిచురుకుదనం, ఆలోచించకుండా తొందరపడటం అనే మూడు లక్షణాలు కలిసి కనిపించే సమస్యను ఏ.డి.హెచ్.డి. అంటారు. కొందరిలో ఒక లక్షణం ఎక్కువగాను, మరొకటి తక్కువగాను ఉండవచ్చు. మూడు నుండి ఐదేళ్ల వయసులో సాధారణంగా అతిచురుకుదనం, తొందరపాటు ముందుగా బయటపడతాయి. ఏకాగ్రత లోపం పలకా బలపం పట్టిన తరువాత తెలుస్తుంది.

అల్లరి చేసే ప్రతి బిడ్డకూ ఏ.డి.హెచ్.డి. ఉన్నట్లు కాదు. ఆ వయసులో అల్లరి సహజం. లక్షణాలు కనీసం ఆరు నెలలుగా ఉండాలి. ఇంట్లో మాత్రమే కాక బడిలోనో, బంధువుల ఇంట్లోనో కూడా కనిపించాలి. ఈడు పిల్లల కంటే బాగా ఎక్కువగా ఉండి, బిడ్డ నేర్చుకోవడానికి, ఇతరులతో కలిసి మెలిసి ఉండటానికి అడ్డు కావాలి. అప్పుడే వైద్యులు ఆ పేరు పెడతారు.

ఇది తల్లిదండ్రుల పెంపకం లోపం వల్ల వచ్చేది కాదు. దిష్టి వల్ల, గాలి వల్ల వచ్చేది అసలే కాదు. దీనిలో వంశపారంపర్య ప్రభావం చాలా ఎక్కువ. నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టిన పిల్లల్లో కూడా ఎక్కువగా కనిపిస్తుంది. తేలికగా తీసుకోవలసిన సమస్యా కాదు. ఇలాంటి పిల్లలు రోడ్డు మీదకు ఉరుకుతారు, మేడ పిట్టగోడ ఎక్కుతారు, పొయ్యి దగ్గరకు వెళతారు. దెబ్బలు ఎక్కువగా తగిలించుకుంటారు. చదువు మొదలు కాకముందే బడి నుండి పంపివేయబడిన బిడ్డ, "నేను చెడ్డవాడిని" అనే మాటను చాలా చిన్న వయసులోనే నేర్చుకుంటాడు.

ప్రశ్న ఎక్కడ మొదలైంది?

ఈ వ్యాధికి వాడే ప్రధానమైన మందు మిథైల్‌ఫెనిడేట్. దీనిని 1944లో స్విట్జర్లాండులో తయారు చేశారు. 1950లలో రిటాలిన్ అనే పేరుతో అమ్మకానికి వచ్చింది. బడి వయసు పిల్లల్లో ఇది బాగా పనిచేస్తుందని అనేక పరిశోధనలు చూపాయి. అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ 1990లలో జరిపించిన ఒక పెద్ద పరిశోధనలో 7 నుండి 9 ఏళ్ల వయసున్న 579 మంది పిల్లలు పాల్గొన్నారు. దాని ఫలితాలు 1999లో వచ్చాయి. కానీ ఆరేళ్ల లోపు పిల్లల సంగతి ఏమిటి? మందు పెట్టె మీద మాత్రం ఆరేళ్ల లోపు వారికి వాడవద్దనే ఉంది.

2000 ఫిబ్రవరిలో అమెరికా వైద్య సంఘం పత్రికలో ఒక పరిశోధన వెలువడింది. రెండు నుండి నాలుగేళ్ల పిల్లలకు రాసిన మందుల చీటీలను పరిశోధకులు లెక్కించారు. 1991 నుండి 1995 వరకు మనస్సుపై పనిచేసే మందుల వాడకం, వాటిలో మిథైల్‌ఫెనిడేట్ వాడకం, ఈ పసిపిల్లల్లో బాగా పెరిగినట్లు తేలింది. ఆ వయసులో మందు ఎంతవరకు క్షేమమో, ఎంత మోతాదు ఇవ్వాలో చెప్పే పెద్ద పరిశోధన మాత్రం ఒక్కటీ లేదు. వైద్యులు తమ అనుభవాన్ని బట్టి, పెద్ద పిల్లల మోతాదును తగ్గించి ఇస్తున్నారు.

ఈ వార్త అమెరికాలో కలకలం రేపింది. 2000 మార్చిలో అప్పటి అధ్యక్షుని సతీమణి హిల్లరీ క్లింటన్ శ్వేతసౌధంలో వైద్యులను, అధికారులను సమావేశపరిచారు. పసిపిల్లల్లో ఈ మందు వాడకంపై ప్రభుత్వ ధనంతో దేశవ్యాప్త పరిశోధన జరిపిస్తామని ఆ సందర్భంగా ప్రకటించారు.

అంతవరకు ఎవరూ ఎందుకు డబ్బు పెట్టలేదు?

దీనికి ముఖ్యంగా మూడు కారణాలు ఉన్నాయి.

1. మందు పాతది. పేటెంటు గడువు తీరిపోయిన మందును ఏ కంపెనీ అయినా తయారు చేసి అమ్ముకోవచ్చు. అలాంటి మందు మీద కోట్లు ఖర్చు పెట్టి పరిశోధన చేస్తే వచ్చే లాభం ఒక్క కంపెనీకి దక్కదు. పైగా పరీక్షించకపోయినా వైద్యులు రాస్తూనే ఉన్నారు. అందుచేత కంపెనీలకు తొందర లేదు.

2. తల్లిదండ్రుల శిక్షణకు యజమాని లేడు. బిడ్డతో ఎలా మాట్లాడాలో, ఎలా మెచ్చుకోవాలో తల్లికి నేర్పడం కూడా చికిత్సే. కానీ దానిని సీసాలో పోసి అమ్మలేరు. అమ్మకం లేనిచోట కంపెనీ డబ్బు రాదు. ప్రభుత్వమో, విశ్వవిద్యాలయమో, ధర్మసంస్థో పూనుకోవాలి.

3. నైతికమైన సందేహం. నాలుగేళ్ల బిడ్డ తన సమ్మతి తాను చెప్పలేడు. ఎదుగుతున్న మెదడు మీద మందును పరీక్షించడం న్యాయమా అని చాలామంది వెనుకాడారు. అయితే దీనికి మరొక వైపు కూడా ఉంది. పరీక్షించకుండానే వేల మంది పిల్లలకు ఇవ్వడం అంతకంటే న్యాయమా?

రెండవ, మూడవ కారణాలు ఇప్పటికీ ఉన్నాయి. మొదటి కారణానికి 2002లో అమెరికా కొంత పరిష్కారం చూపింది. పేటెంటు గడువు తీరిన మందులను పిల్లల్లో పరీక్షించే పనిని ప్రభుత్వ పరిశోధనా సంస్థలే చేయించేందుకు ఆ ఏడాది ఒక చట్టం చేశారు.

303 మంది పిల్లల పరిశోధన

ప్రభుత్వ ధనంతో జరిగిన ఈ పరిశోధనకు ప్యాట్స్ అని పేరు. కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన డాక్టర్ లారెన్స్ గ్రీన్‌హిల్ దీనికి నాయకత్వం వహించారు. న్యూయార్క్, బాల్టిమోర్, లాస్ ఏంజిల్స్ మొదలైన చోట్ల ఉన్న ఆరు విశ్వవిద్యాలయ కేంద్రాలు కలిసి పనిచేశాయి. మూడు నుండి ఐదున్నర ఏళ్ల వయసు గల 303 మంది పిల్లలను చేర్చుకున్నారు. వీరంతా తీవ్రమైన లక్షణాలు ఉన్నవారే.

ఈ పరిశోధనలో మెచ్చుకోదగిన విషయం ఒకటి ఉంది. మందుతో మొదలు పెట్టలేదు. మొదట తల్లిదండ్రులకు పది వారాల శిక్షణ ఇచ్చారు. ఆ తరువాత కూడా లక్షణాలు తగ్గని పిల్లలకు, అదీ తల్లిదండ్రులు ఒప్పుకుంటేనే, మందు ఇచ్చారు. ఒక దశ నుండి మరొక దశకు వెళ్లేటప్పుడు మళ్లీ వివరించి, మళ్లీ సమ్మతి తీసుకున్నారు. ఇష్టం లేనివారు ఎప్పుడైనా మానుకోవచ్చు. ఈ విధంగా వడపోసిన తరువాత, మందు మోతాదులను పోల్చి చూసే దశకు 165 మంది మాత్రమే చేరారు. శిక్షణతోనే మెరుగుపడినవారు, మందు వద్దనుకున్నవారు, మధ్యలో మానేసినవారు మిగిలిపోయారు.

ఆ 165 మందికి వారానికొక రకం చొప్పున వేర్వేరు మోతాదుల మందును, ఒక వారం మందు లేని ఉత్తుత్తి మాత్రను ఇచ్చారు. ఏ వారం ఏది ఇస్తున్నారో తల్లికీ తెలియదు, టీచరుకూ తెలియదు, లక్షణాలను కొలిచే వైద్యునికీ తెలియదు. ఇలా చేస్తేనే మందు నిజంగా పనిచేస్తున్నదో, మందు ఇస్తున్నామన్న నమ్మకం పనిచేస్తున్నదో తేలుతుంది.

ఫలితాలు ఏమి చెప్పాయి?

ఫలితాలు 2006 నవంబరులో ప్రచురించబడ్డాయి. వాటి సారాంశం ఇది.

మందు పనిచేస్తుంది. ఉత్తుత్తి మాత్ర కంటే మందు వాడిన వారాల్లో లక్షణాలు తగ్గాయి. సగటున రోజుకు 14 మిల్లీగ్రాముల దగ్గర మంచి ఫలితం కనిపించింది. ఇది బడి పిల్లలకు సాధారణంగా ఇచ్చే మోతాదు కంటే తక్కువ.

కానీ పెద్ద పిల్లల్లో పనిచేసినంతగా పనిచేయదు. తరువాతి దశలో, తమకు సరిపడిన మోతాదు తీసుకున్న పిల్లల్లో 21 శాతం మందికి లక్షణాలు దాదాపు పూర్తిగా అదుపులోకి వచ్చాయి. ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలోనూ 13 శాతం మందికి అలాగే జరిగింది. రెండింటికీ మధ్య తేడా పెద్దగా లేదు.

దుష్ఫలితాలు ఎక్కువ. ఆకలి మందగించడం, నిద్ర పట్టకపోవడం, చిరాకు, ఊరికే ఏడవడం వంటివి కనిపించాయి. దాదాపు 11 శాతం మంది వీటిని తట్టుకోలేక మందు మానేయవలసి వచ్చింది.

ఎదుగుదల తగ్గింది. మందు కొనసాగించిన పిల్లలు ఏడాదికి పెరగవలసిన దానికంటే సుమారు 1.4 సెంటీమీటర్లు తక్కువ ఎత్తు పెరిగారు, సుమారు 1.3 కిలోలు తక్కువ బరువు పెరిగారు. ఏడాదికి రెండు కిలోలు పెరిగే వయసులో ఇది చిన్న సంగతి కాదు. ముందే బక్కచిక్కి ఉన్న మన పిల్లల విషయంలో మరీ ఆలోచించవలసిన సంగతి.

ఈ చివరి విషయం ఇప్పటికీ ప్రాముఖ్యం కోల్పోలేదు. 2025 జూన్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, రోజంతా నెమ్మదిగా పనిచేసే ఈ రకం మందులు ఆరేళ్ల లోపు పిల్లల్లో బరువు తగ్గించే ప్రమాదం ఉందని మందు పత్రాల మీద స్పష్టంగా రాయాలని కంపెనీలను ఆదేశించింది.

ఆరేళ్ల తరువాత

ఈ పిల్లలను పరిశోధకులు విడిచిపెట్టలేదు. ఆరేళ్ల తరువాత వారిలో చాలామందిని మళ్లీ పరీక్షించి, ఫలితాలను 2013లో ప్రకటించారు. అప్పటికి వారు పదేళ్ల వయసుకు వచ్చారు. వారిలో 89 శాతం మందిలో ఏ.డి.హెచ్.డి. ఇంకా ఉంది. "పెద్దయితే వాడే తగ్గుతాడులే" అనే మాట, తీవ్రమైన లక్షణాలున్న పిల్లల విషయంలో నిజం కాదని దీనివల్ల తెలిసింది.

మరొక విషయం కూడా తెలిసింది. అప్పటికి మందు వాడుతున్నవారిలో 62 శాతం మందికి, వాడనివారిలో 58 శాతం మందికి అతిచురుకుదనం, తొందరపాటు ఇబ్బంది పెట్టే స్థాయిలోనే ఉన్నాయి. దీనిని చూసి మందు వృథా అనుకోకూడదు. ఎక్కువ తీవ్రత ఉన్నవారే మందు కొనసాగించి ఉండవచ్చు. కానీ ఒక్క మాత్ర రాసి పంపితే చాలదని, ఏళ్ల తరబడి తోడుండే చికిత్స కావాలని మాత్రం ఇది చెబుతున్నది. ఒక పరిశోధనకు రెండేళ్ల గ్రాంటు ఇచ్చి ఆపివేసి ఉంటే ఈ సత్యం బయటపడేది కాదు.

శిక్షణ మీద పెట్టిన డబ్బు

ఇదే కాలంలో బ్రిటన్‌లో ఇంకొక ప్రయత్నం జరిగింది. అక్కడ పసిపిల్లలున్న ఇళ్లకు వెళ్లి సలహాలు చెప్పే నర్సులు ఉంటారు. అలాంటి వారిలో ప్రత్యేక శిక్షణ పొందినవారు, ఏ.డి.హెచ్.డి. లక్షణాలున్న మూడేళ్ల పిల్లల ఇళ్లకు ఎనిమిది వారాలు వెళ్లి తల్లులకు నేర్పారు. 78 మంది పిల్లలతో జరిగిన ఈ పరిశోధన 2001లో వెలువడింది. శిక్షణ పొందిన తల్లుల పిల్లల్లో సగం మందికి పైగా గుర్తించదగినంత మేలు జరిగింది. ఊరికే కూర్చోబెట్టి ఓదార్పు మాటలు చెప్పిన కుటుంబాల్లో అంత మేలు కనిపించలేదు.

ఆ తరువాత 2004లో అదే శిక్షణను మామూలు నర్సుల చేత, వారి రోజువారీ పనిలో భాగంగా చేయించి చూశారు. ఈసారి ఫలితం రాలేదు. పాఠం అదే, పుస్తకం అదే, నేర్పేవారి అనుభవం మాత్రం వేరు. ఈ రెండు పరిశోధనలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి అర్థమవుతుంది. కరపత్రాలు అచ్చు వేయడానికి డబ్బు ఇస్తే చాలదు. నేర్పేవారికి బాగా తర్ఫీదు ఇవ్వడానికి, వారిని పర్యవేక్షించడానికి, ఆ పనికి సమయం కేటాయించడానికి కూడా డబ్బు ఇవ్వాలి.

2011లో అమెరికా ప్రభుత్వం తరఫున ఈ పరిశోధనలన్నింటినీ కలిపి పరిశీలించారు. ఆరేళ్ల లోపు పిల్లల్లో తల్లిదండ్రుల శిక్షణకు బలమైన ఆధారం ఉందని, మిథైల్‌ఫెనిడేట్‌కు ఉన్న ఆధారం బలహీనమని తేల్చారు. మందు విషయంలో చెప్పుకోదగిన మంచి పరిశోధన ప్యాట్స్ ఒక్కటే. అదే ఏడాది అమెరికా పిల్లల వైద్యుల సంఘం తన మార్గదర్శకాలను మార్చింది. నాలుగు, ఐదేళ్ల పిల్లలకు మొదటి చికిత్స తల్లిదండ్రుల శిక్షణ. దానితో తగినంత మెరుగు లేకపోయినా, ఆ శిక్షణ దొరకకపోయినా, లక్షణాలు తీవ్రంగా ఉంటే లాభనష్టాలు చూసుకుని మిథైల్‌ఫెనిడేట్ ఇవ్వవచ్చు. 2019లోనూ ఇదే మాట చెప్పింది.

తెలిసింది, కానీ అందలేదు

ఇంత తెలిసిన తరువాత ఏమి జరిగింది? 2016లో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రాలు ఇచ్చిన లెక్క ప్రకారం, ఏ.డి.హెచ్.డి. చికిత్సలో ఉన్న రెండు నుండి ఐదేళ్ల పిల్లల్లో నలుగురిలో ముగ్గురికి మందు అందింది. శిక్షణ వంటి సేవలు సుమారు సగం మందికే అందాయి. 2025లో వెలువడిన మరొక పరిశోధన మూడు నుండి ఐదేళ్ల వయసులో ఈ వ్యాధి నిర్ధారణ అయిన 9,708 మంది పిల్లల వివరాలు చూసింది. వారిలో 42 శాతం మందికి నెల రోజుల లోపే మందు రాశారు. పది వారాల శిక్షణ నెల రోజుల్లో పూర్తి కాదు కదా!

వైద్యులకు తెలియక కాదు. మందు చీటీ ఐదు నిమిషాల పని. శిక్షణ ఇచ్చేవారు దగ్గరలో ఉండరు. ఉన్నా నెలల తరబడి వేచి ఉండాలి. ఖర్చు భరించే దారి ఉండదు. ఇంట్లో బిడ్డను పట్టుకోలేక తల్లి అలసిపోయి ఉంటుంది. పరిశోధనకు డబ్బు పెట్టి, దాని జవాబును అమలు చేయడానికి డబ్బు పెట్టకపోతే జరిగేది ఇదే. బావి తవ్వించి చేద కొనకపోవడం లాంటిది.

మన దేశం సంగతి

2018లో మన దేశంలో పిల్లల ఎదుగుదల లోపాలపై ఒక పెద్ద పరిశోధన వెలువడింది. దేశంలో ఎంపిక చేసిన ఐదు ప్రాంతాలలో హైదరాబాదు ఒకటి. రెండు నుండి తొమ్మిదేళ్ల వయసున్న సుమారు నాలుగు వేల మంది పిల్లలను పరీక్షించారు. చూపు, వినికిడి, మూర్ఛ, ఆటిజం వంటి అనేక సమస్యలను రెండేళ్ల నుండే లెక్కించారు. కానీ ఏ.డి.హెచ్.డి.ని ఆరేళ్లు నిండినవారిలోనే లెక్కించారు. చిన్న వయసులో ఖచ్చితంగా నిర్ధారించడం కష్టం కనుక అలా చేయడం సబబే. అయితే మూడు నుండి ఐదేళ్ల పిల్లలు ఆ లెక్కలోకి రాలేదన్నది కూడా నిజమే. లెక్కలో లేనివారికి బడ్జెట్‌లో చోటు దొరకడం కష్టం.

మనకు ఆశ కలిగించే సంగతి కూడా ఉంది. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పరీక్షించవలసిన సమస్యలలో ఏ.డి.హెచ్.డి. కూడా ఉంది. ఈ పథకంలో వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ పాఠశాలలకు ఏడాదికి ఒకసారి రావాలి. సమస్య ఉందనిపించిన పిల్లలను జిల్లా స్థాయిలోని సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలి. ఊరూరా అంగన్‌వాడీ టీచరు, ఆశా కార్యకర్త ఉన్నారు. బ్రిటన్ అనుభవం మనకు చెప్పేదేమిటంటే, వారి మీద ఇంకొక పని వేసి చేతులు దులుపుకోకూడదు. కొద్దిమందికైనా లోతైన తర్ఫీదు ఇచ్చి, తెలుగు కుటుంబాలకు తగినట్లు పాఠాలు తయారు చేసి, అవి పనిచేస్తున్నాయో లేదో కొలిచి చూడాలి. మన ఇళ్లలో బిడ్డను తల్లి ఒక్కతే పెంచదు. నాయనమ్మ, అమ్మమ్మ, మేనత్త అందరూ ఉంటారు. తల్లి ఒక మాట, నాయనమ్మ ఒక మాట చెబితే ఏ శిక్షణా నిలవదు. కాబట్టి ఇక్కడి శిక్షణ ఇంటిల్లిపాదికీ కావాలి. ఇది అమెరికా డబ్బుతో తేలే విషయం కాదు, ఇక్కడి డబ్బుతో, ఇక్కడి పిల్లలతో తేలవలసినది.

శిక్షణలో ఏమి నేర్పుతారు?

పేరు వేరైనా ఈ శిక్షణలన్నింటిలో ఉండే ముఖ్యమైన విషయాలు ఇవి. అనుమానం ఉన్నా లేకపోయినా ఏ ఇంట్లోనైనా పాటించవచ్చు.

1. రోజూ పది, పదిహేను నిమిషాలు బిడ్డతో నేల మీద కూర్చుని, వాడికి ఇష్టమైన ఆట ఆడండి. ఆ సమయంలో టి.వి., సెల్‌ఫోను కట్టివేయండి.

2. మంచి పని చేసిన వెంటనే, ఏ పని బాగుందో చెప్పి మెచ్చుకోండి. "మంచి బాబు" అనడం కంటే "చెప్పులు వరుసలో పెట్టావు, చాలా బాగుంది" అనడం మేలు.

3. ఒకసారికి ఒకే పని చెప్పండి. దూరం నుండి అరవకుండా, దగ్గరకు వెళ్లి, కళ్లలోకి చూసి, చిన్న మాటల్లో చెప్పండి.

4. లేవడం, స్నానం, భోజనం, నిద్ర వేళలు రోజూ ఒకేలా ఉండనివ్వండి.

5. ప్రమాదం లేని చిన్న చిన్న అల్లరిని చూడనట్లు ఉండండి. కొట్టడం, కరవడం వంటి వాటికి వెంటనే ఆట ఆపించి, కొద్ది నిమిషాలు పక్కన కూర్చోబెట్టండి. చెప్పిన మాట మార్చకండి.

6. కొట్టకండి, అందరి ముందు తిట్టకండి. దెబ్బ వల్ల ఆ నిమిషానికి ఆగుతాడు, కానీ కుదురు రాదు. కొట్టడం మాత్రం నేర్చుకుంటాడు.

7. తల్లి ఆరోగ్యం చూసుకోవాలి. ఎప్పుడూ దిగులుగా, నిద్ర లేకుండా ఉంటే ఆమె కూడా వైద్య సలహా తీసుకోవాలి.

వైద్యుని దగ్గరకు ఎప్పుడు వెళ్లాలి?

పైన చెప్పిన లక్షణాలు ఆరు నెలలు దాటినా, బిడ్డ తరచూ ప్రమాదాలకు గురవుతున్నా, బడి నుండి పంపివేస్తామంటున్నా ఆలస్యం చేయకండి. వెళ్లేటప్పుడు టీచరు చెప్పిన మాటలు కాగితం మీద రాయించుకుని తీసుకెళ్లండి. వినికిడి లోపం, మాట ఆలస్యం, నిద్ర లేమి, రక్తహీనత, ఆటిజం, ఇంట్లో గొడవల వల్ల కలిగే భయం వంటివి కూడా ఏ.డి.హెచ్.డి. లాగే కనిపించవచ్చు. కనుక వీటిని ముందు చూడమని అడగండి.

వైద్యుడు మందు రాస్తే సిగ్గుపడకుండా ఈ ప్రశ్నలు అడగండి. మందుకు ముందు శిక్షణ ప్రయత్నించవచ్చా? ఎంత తక్కువ మోతాదుతో మొదలు పెడుతున్నారు? ఎత్తు, బరువు ఎన్నాళ్లకొకసారి చూస్తారు? ఆకలి, నిద్ర తగ్గితే ఏం చేయాలి? మందు ఇంకా అవసరమో లేదో ఎప్పుడు పరిశీలిస్తారు?

ఇప్పటికే మందు వాడుతున్న బిడ్డకు ఈ వ్యాసం చదివి మందు ఆపేయకండి. శిక్షణ తరువాత కూడా తీవ్రంగా బాధపడే కొద్దిమంది పిల్లలకు మందు నిజంగా అవసరమవుతుంది. అలాంటివారికి సరైన మోతాదు ఎంతో నేడు వైద్యునికి తెలుసంటే, దానికి ఆ 303 మంది పిల్లలు, వారి తల్లిదండ్రులు కారణం. ఒక బిడ్డకు రాసిన మందును మరొక బిడ్డకు ఎన్నడూ ఇవ్వకండి. వైద్యుని చీటీ లేకుండా కొనకండి.

చివరిగా ఒక మాట. ఆసుపత్రికి గాని, పిల్లల కోసం పనిచేసే సంస్థకు గాని మీరు సాయం చేసే అవకాశం వస్తే, భవనాలు, యంత్రాలతో పాటు మనుషులకు తర్ఫీదు ఇచ్చే పనిని కూడా గుర్తుంచుకోండి. మీ ఊరి అంగన్‌వాడీకి వైద్య బృందం వచ్చిన రోజున, అల్లరి బిడ్డ అని పక్కన కూర్చోబెట్టిన పిల్లవాడిని కూడా చూడమని అడగండి.